కంప్యూటరు లోకంలో మన రెండు లిపులు

మా కళాశాల వార్షిక సంచికను చేతిలోకి తీసుకున్నవారు మొదట ఒక వింతను గమనిస్తారు. ఒకవైపు అట్ట తెరిస్తే తెలుగు విభాగం. పుస్తకాన్ని తిరగవేసి రెండవవైపు అట్ట తెరిస్తే ఉర్దూ విభాగం. రెండు ముఖపత్రాలు, రెండు సంపాదకీయాలు. ఒక లిపి ఎడమనుండి కుడికి నడుస్తుంది, మరొకటి కుడినుండి ఎడమకు నడుస్తుంది. నడుమ ఎక్కడో ఒక పుట దగ్గర రెండూ ఎదురెదురుగా వచ్చి ఆగుతాయి. పుస్తకం కుట్టే అతనికి తప్ప ఇందులో ఇబ్బంది ఎవరికీ లేదు. అయితే ఈ రెండు లిపులూ కంప్యూటరు అనే యంత్రంలో ప్రవేశించవలసి వచ్చినపుడు ఎన్ని చిక్కులు ఎదురైనవో, వాటిని ఎవరు ఏ విధంగా విడదీసినారో, ఇంకా విడనిదేమో ఈ వ్యాసంలో వివరింపదలచినాము. మేము సాంకేతిక నిపుణులము కాము, తెలుగు బోధించేవారము. కాని ఇది అక్షరాలకు సంబంధించిన విషయం గనుక భాషాబోధకులకు కూడ ఇందులో ఒక మాట చెప్పే హక్కు కలదని మా అభిప్రాయం.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తక్కినదంతా సులభంగా బోధపడుతుంది. దానికి తెలిసినవి అంకెలు. అందులోనూ రెండే అంకెలు, సున్న, ఒకటి. విద్యుత్తు ఉన్నదా లేదా అన్నదే దాని పరిజ్ఞానమంతా. పాట గాని, చిత్రం గాని, పద్యం గాని, ఇంటికి వ్రాసే ఉత్తరం గాని మొదట సంఖ్యగా మారితేనే ఆ యంత్రం కడుపులోకి పోతుంది. సంఖ్యగానే లోపల తిరిగి, బయటికి వచ్చేటప్పుడు మన కంటికి అనువైన రూపం ధరిస్తుంది.

ఈ సంఖ్యల కథకు మన దేశంతోనూ, బాగ్దాదుతోనూ సంబంధం కలదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నతో లెక్కలు చేసే నియమాలను గ్రంథస్థం చేసినాడు. 8వ శతాబ్దంలో భారతీయ ఖగోళ గణితం బాగ్దాదు చేరినది. 9వ శతాబ్దంలో ఖలీఫా మామూన్ కాలంలో బైతుల్ హిక్మా అనే విజ్ఞాన మందిరంలో పనిచేసిన ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ హిందూ అంకెలతో గణించే పద్ధతిని ఒక గ్రంథంగా వ్రాసినాడు. దాని అరబ్బీ మూలం నిలువలేదు, లాటిన్ అనువాదం నిలిచినది. లాటిన్‌వారి నోట ఆయన పేరు అల్గోరిత్మీ అయినది. నేడు ఒక పనిని క్రమంగా, మెట్టు మెట్టుగా చేసే విధానాన్ని అల్గారిథమ్ అనుట ఆ పేరునుండి వచ్చినదే. అరబ్బులు ఆ అంకెలను హిందీ అంకెలన్నారు, ఐరోపావారు వాటినే అరబ్బీ అంకెలన్నారు. తీసుకున్నవారు ఇచ్చినవారి పేరు చెప్పుకొనుట మర్యాద. ఈ విషయంలో ఇద్దరూ మర్యాదస్థులే.

అంకెలతో యంత్రాన్ని నడపవచ్చుననే ఊహ మాత్రం మగ్గం దగ్గర పుట్టినది. ధర్మవరంలో గాని గద్వాలలో గాని పట్టుచీర అంచు నేసే జాకార్డు మగ్గాన్ని చూసినవారికి కంప్యూటరు సగం అర్థమైనట్లే. మగ్గం పైన రంధ్రాలు పొడిచిన అట్టల దండ వేలాడుతుంటుంది. రంధ్రమున్న చోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఉన్నది, లేదు అనే ఈ రెండు మాటలతోనే హంసలు, నెమళ్లు, మామిడి పిందెలు చీరమీదికి దిగుతాయి. ఫ్రాన్సు దేశీయుడు జోసెఫ్ మరీ జాకార్డు 19వ శతాబ్దారంభంలో రూపొందించిన ఈ ఏర్పాటును చూసి, ఇంగ్లండులో చార్లెస్ బాబేజి 1830ల దశకంలో తాను ఊహించిన విశ్లేషణ యంత్రానికి కూడ ఇట్టి అట్టలనే వాడదలచినాడు. ఆ యంత్రం పూర్తి కాలేదు. కాని 1843లో దానికి వ్యాఖ్య వ్రాసిన ఆడా లవ్‌లేస్ అనే విదుషి, ఇట్టి యంత్రం సంఖ్యలనే కాక నియమాలకు లొంగే ఏ సంకేతాలనైనా, సంగీత స్వరాలను సైతం, నడపగలదని సూచించినది. అక్షరం యంత్రంలోకి పోవు దారి ఆ మాటలోనే ఉన్నది.

ఆ తరువాతి కథ విద్యార్థులు పాఠ్యగ్రంథాలలో చదివేదే గనుక క్లుప్తంగా చెప్పుతాము. 1946లో అమెరికాలో లోకానికి పరిచయమైన ఎనియాక్ సుమారు 18,000 వాక్యూం గొట్టాలతో ఒక పెద్ద హాలు నిండా ఉండేది. 1947లో ట్రాన్సిస్టరు వచ్చినది. 1971లో ఇంటెల్ సంస్థవారు 2,300 ట్రాన్సిస్టర్లను గోటి పరిమాణం గల ఒక్క ముక్కమీద ఇమిడ్చినారు. హైదరాబాదులో 1967లో ఈసీఐఎల్ వెలసినది. దాని స్థాపకులు, పశ్చిమ గోదావరి జిల్లాలో జన్మించిన ఎ.ఎస్. రావుగారు. 1969లో ఆ సంస్థ టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసినది. మన నగరంలోనే యంత్రం తయారైనది. కాని ఆ యంత్రాన్ని పలకరించవలెనన్నా ఇంగ్లీషు అక్షరమే శరణ్యం.

కారణం ఏమనగా, 1963లో అమెరికాలో ఆస్కీ అనే ఒక పట్టిక తయారైనది. అందులో 128 స్థానాలు. పెద్ద 'ఎ' అక్షరానికి 65, 'బి'కి 66, ఈ విధంగా ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, విరామ చిహ్నాలకు తలా ఒక సంఖ్య కేటాయించినారు. ఆ 128 గదుల ఇంట్లో మన 'అ'కు గది లేదు, అలిఫ్‌కూ లేదు. ఇందులో ఎవరి కుట్రా లేదని మా నమ్మకం. తమ టెలిప్రింటర్ల కొరకు తమ అక్షరాలను వారు లెక్కపెట్టుకున్నారు. మన అక్షరాలను లెక్కపెట్టి పెట్టవలసినవారు మనమే.

ఇక్కడ కొంత ఆగి, కంప్యూటరుకు ముందు ఈ రెండు లిపులూ అచ్చులోకి ఎట్లా వచ్చేవో చెప్పక తప్పదు. మా కళాశాల గ్రంథాలయంలోని పాత వార్షిక సంచికలను చూడండి. తెలుగు విభాగం సీసపు అక్షరాలతో కూర్చినది. ఒత్తులు, గుణింతాలు కలిసి తెలుగుకు వందలకొద్ది అచ్చు దిమ్మెలు కావలెను. కంపోజిటరు వాటిని గడులలోనుండి ఒక్కొక్కటిగా ఏరి పేర్చేవాడు. ఉర్దూ విభాగంలో దిమ్మెల ప్రసక్తే లేదు. అది ఆసాంతం కాతిబు చేతివ్రాత. కాతిబు కలంతో వ్రాసిన పుటను లితో పద్ధతిలో అచ్చువేసేవారు. హైదరాబాదు ఛత్తాబజారులో ఒకప్పుడు ఈ కాతిబుల గదులు వరుసగా ఉండేవి.

ఉర్దూకు సీసపు అక్షరాలు ఎందుకు పోయలేదని విద్యార్థులు తరచు అడుగుతుంటారు. పోసినారు, కాని ఉర్దూ పాఠకులు మెచ్చలేదు. అరబ్బీకి వాడే నస్ఖ్ శైలిలో అక్షరాలు ఒకే గీతమీద నడుస్తాయి, దిమ్మెలకు లొంగుతాయి. ఉర్దూవారికి ప్రియమైన నస్తాలీఖ్ శైలిలో ప్రతి పదమూ పైన మొదలై ఏటవాలుగా క్రిందికి జారుతుంది. ఒక అక్షరం పదం మొదట ఒక రూపంలో, నడుమ మరొక రూపంలో, చివర ఇంకొక రూపంలో ఉండుటే కాక, ప్రక్కన ఏ అక్షరం వచ్చినదన్నదానిని బట్టి కూడ మారుతుంది. పైగా అక్షరాలు కుడినుండి ఎడమకు నడుస్తుండగా అంకెలు మాత్రం ఎడమనుండి కుడికి నడుస్తాయి. 1857 అని వ్రాయవలెనంటే కాతిబు తన కలాన్ని కొంత ముందుకు దూకించి వెనుకకు వ్రాసుకొని రావలెను. కాతిబుకు ఇది అలవాటు. యంత్రానికి ఇదొక గండం.

ఆ గండాన్ని దాటించిన పద్ధతి ఆసక్తికరమైనది. పాకిస్తానులో మీర్జా అహ్మద్ జమీల్ అనే లిపికారుడు అక్షరాలను విడివిడిగా యంత్రానికి నేర్పే ప్రయత్నం మానుకొని, అక్షరాలు కలిసి ఏర్పడే సంయుక్త రూపాలను సుమారు 20,000 వరకు స్వయంగా చేతితో వ్రాసి, ఇంగ్లండులోని మోనోటైప్ సంస్థ సాయంతో కంప్యూటరులో నిలువచేయించినాడు. అదే నూరీ నస్తాలీఖ్. 1981లో లాహోరులో జంగ్ దినపత్రిక ఆ అక్షరాలతో వెలువడినది. 1994లో ఢిల్లీనుండి ఇన్‌పేజ్ అనే సాధనం వచ్చి అట్టి నస్తాలీఖును సామాన్యమైన ముద్రణాలయాలకు అందించినది. అనగా, కాతిబును తొలగించిన యంత్రం లోపల కూర్చున్నది కూడ ఒక కాతిబు హస్తమే. ఈ మాట తలచుకున్నపుడల్లా మాకు సంతోషమూ, కొంత విచారమూ ఒకేసారి కలుగుతాయి. ఛత్తాబజారులో ఆ గదులు ఇప్పుడు పెండ్లి పత్రికల దుకాణాలు.

తెలుగులో జరిగినది వేరు. ఇక్కడ ఉపాయం కంటే అవసరం ముందు పరుగెత్తినది. 1990ల దశకంలో డీటీపీ కేంద్రాలు వీధివీధికీ వెలసినపుడు, తెలుగు అక్షరాల ముక్కలను, తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు ఒకచోట, ఇంగ్లీషు అక్షరాల గదులలోనే అద్దెకు దింపినారు. తెరమీద కనిపించేది తెలుగు. కంప్యూటరు దృష్టిలో మాత్రం అది అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరుస. పైగా ఒక సంస్థ ఫాంటులో 'క' కూర్చున్న గదిలో మరొక సంస్థ ఫాంటులో కొమ్ము కూర్చునేది. ఒకచోట టైపు చేసినది మరొకచోట తెరుచుకోదు. తెరుచుకున్నా చదువరాదు. ఒక పదాన్ని వెదకుమంటే వెదకలేదు, అకారాదిగా పేర్చుమంటే పేర్చలేదు.

ఇందుకు ఉదాహరణ దూరం పోయి తేనక్కరలేదు. మేము విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో నాలుగు నెలలు ఊరూరా తిరిగి ముస్లిం కుటుంబాలలోని వృద్ధ స్త్రీలు పెండ్లిళ్లలో పాడే పాటలను, తెలుగు, ఉర్దూ కలగలిసిన పాటలను, సేకరించి లఘు సిద్ధాంత వ్యాసంగా వ్రాసినాము. ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించి, సమర్పించవలసిన ప్రతులు సమర్పించి, ఒక సీడీ మా దగ్గర భద్రపరచుకున్నాము. మా కాగితపు ప్రతి ఒక వర్షాకాలంలో చెదల పాలైనది. మూడేండ్ల క్రిందట సీడీని తెరిచి చూడగా నూట ఇరవై పుటలూ చెక్కుచెదరక ఉన్నవి, కాని ఒక్క ముక్క చదువరాదు. తెరనిండా ప్రశ్నార్థకాలు, బ్రాకెట్లు, యూరపు దేశాల వింత అక్షరాలు. ఆ ఫాంటు పేరేమిటో టైపు చేసినవారికి గుర్తులేదు, ఆ కేంద్రమే ఇప్పుడు లేదు. పాటలు పాడిన వృద్ధులలో ముగ్గురు మరణించినారు. సంఖ్యలు అన్నీ ఉన్నవి. ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పే పట్టిక పోయినది.

ఆ పట్టిక అందరికీ ఒక్కటే కావలెనన్న ఆలోచన అప్పటికే కలిగి ఉండెను. మన దేశంలో ఇస్కీ అనే ప్రమాణం 1988లో రూపొంది, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదం పొందినది. దేవనాగరి, తెలుగు, కన్నడం, బంగ్లా మొదలైనవన్నీ బ్రాహ్మీ లిపి సంతానమే గనుక అన్ని లిపుల 'క'కూ ఒకే సంఖ్య ఇచ్చినారు. ఇది చక్కని ఊహ. వ్యాకరణం చదివినవారికి ముచ్చట గొలిపే ఊహ. అయితే ఉర్దూ బ్రాహ్మీ సంతతి కాదు గనుక ఆ పంక్తిలో దానికి ఆకు వేయలేదు. మా సంచిక వంటి పుస్తకం ఆ పట్టిక ప్రకారం సగమే నిలుస్తుంది.

రెండింటినీ ఒకే కప్పు క్రిందికి తెచ్చినది యూనికోడ్. ప్రపంచంలోని లిపులన్నింటికీ ఒకే పట్టిక ఉండవలెననే సంకల్పంతో 1991లో దాని మొదటి కూర్పు వెలువడినది. అందులో అరబ్బీ లిపి కుటుంబానికి 1536నుండి, తెలుగుకు 3072నుండి స్థానాలు కేటాయించినారు. అలిఫ్ 1575. మన 'అ' 3077. ఇక ఏ దేశంలో, ఏ యంత్రంలో తెరిచినా 3077 అంటే 'అ' తప్ప మరొకటి కాదు. తెలుగు స్థానాల అమరికకు ఇస్కీయే ఆధారం గనుక ఆ శ్రమ కూడ వృథా పోలేదు.

ఇందులో తెలుగు ఉపాధ్యాయులను ఆకర్షించే సంగతి మరొకటి ఉన్నది. యూనికోడ్‌లో 'క్ష' అనే అక్షరానికి ప్రత్యేకమైన సంఖ్య లేదు. క 3093, పొల్లు 3149, ష 3127. ఈ మూడు సంఖ్యలను వరుసగా ఇస్తే వాటిని కలిపి 'క్ష'గా చూపే బాధ్యత ఫాంటుది. అనగా యంత్రం దాచుకునేది అక్షరం యొక్క ఆకారాన్ని కాదు, దాని కూర్పును. క వర్ణానికి ష వర్ణం పరమైతే క్ష ఏర్పడునని మనం తరగతిలో చెప్పే సంధి పాఠమే ఇది. ఉర్దూ అక్షరానికి కూడ సంఖ్య ఒక్కటే. మొదట, నడుమ, చివర అది ధరించే రూపాలన్నీ ఫాంటు చూసుకుంటుంది. కుడి ఎడమల నడకకు, అంకెల ఎదురునడకకు వేరొక నియమావళి కలదు.

పట్టిక వచ్చినంత మాత్రాన పని జరుగలేదు. సంఖ్యలు ఇచ్చినారు, ఫాంట్లు ఎవరు గీయవలెను? కీలు నొక్కే పద్ధతి ఎవరు చెప్పవలెను? ఇక్కడ విదేశాలలోని తెలుగువారు చేసిన సేవను మరువరాదు. కెనడాలో నివసించిన తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన 2000, వేమన 2000 అనే యూనికోడ్ ఫాంట్లను తయారుచేసి ఉచితంగా పంచినారు. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు చేరినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా, మరుసటి నెలలో ఉర్దూ వికీపీడియా మొదలైనవి. నేడు మా విద్యార్థి జేబులోని ఫోనులో రెండు లిపులూ ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఇది తనంతట తాను జరిగినదని విద్యార్థి అనుకుంటాడు. అందుకే ఇంత విస్తరించి వ్రాయవలసి వచ్చినది.

అంతా సుఖాంతమని కూడ అనుకోరాదు. 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం జరిగినది. 'జ్ఞా' అనే తెలుగు అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో ఎవరైనా సందేశంగా పంపితే, అందుకున్న ఐఫోనులో ఆ సందేశ సాధనం కుప్పకూలిపోయేది. ఆపిల్ సంస్థ కొద్దిరోజులలోనే దిద్దుబాటు విడుదల చేసినది. లోకమంతా నవ్వుకున్నది. మాకు మాత్రం నవ్వుకంటె ఆలోచన ఎక్కువ కలిగినది. ఇంగ్లీషు అక్షరానికి ఇట్టి ప్రమాదం జరిగి ఉంటే అది తయారీ శాలలోనే బయటపడేది. మన అక్షరాన్ని అక్కడ పరీక్షించి చూసినవారు చాలినంత మంది లేకపోయినారు. ఆగిపోయినది కూడ జ్ఞానం దగ్గర!

ఇక భవిష్యత్తు మాట. 2017లో వెలువడిన ఒక పరిశోధన పత్రం ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణాన్ని ప్రతిపాదించినది. దాని ఆధారంగా పెరిగిన యంత్రాలు 2022 చివర చాట్‌జీపీటీ రూపంలో సామాన్యుల ముంగిటికి వచ్చినవి. ఇవి వ్యాకరణ సూత్రాలు చదివి భాష నేర్చుకోవు. మనుష్యులు వ్రాసిపెట్టిన కోట్లాది వాక్యాలను చదివి, ఏ మాట తరువాత ఏ మాట రావచ్చునో అంచనా కడుతూ నేర్చుకుంటాయి. కనుక ఏ భాషలో యంత్రం చదువగలిగిన వ్రాత ఎక్కువగా ఉన్నదో ఆ భాష దానికి బాగుగా వస్తుంది. 2011 జనగణన ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైన, ఉర్దూ మాతృభాషగా గలవారు 5 కోట్లకు పైన. కాని యంత్రం జనాభాను లెక్కించదు, వ్రాతను లెక్కిస్తుంది.

ఇందులో కొలత భేదం కూడ ఉన్నది. సాధారణంగా వాడే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు స్థలం తీసుకుంటుంది, ఉర్దూ అక్షరం రెండు, తెలుగు అక్షరం మూడు. 'నాలెడ్జి' అనే ఇంగ్లీషు పదానికి తొమ్మిది అక్షరాలు, 9 బైట్లు. 'ఇల్మ్' అనే ఉర్దూ పదానికి ఐన్, లామ్, మీమ్ అను మూడు అక్షరాలు, 6 బైట్లు. 'జ్ఞానం' అనే మన పదానికి జ, పొల్లు, ఞ, దీర్ఘం, న, సున్న, మొత్తం 18 బైట్లు. నిలువచేయుటకు ఇది నేడు పెద్ద భారం కాదు. కాని భాష నేర్చే యంత్రాలు వాక్యాన్ని ముక్కలుగా నరికి చదువుతాయి. వాటి కత్తి ఇంగ్లీషు మీద పదును పెట్టినది గనుక ఒక ఇంగ్లీషు వాక్యం కొద్ది ముక్కలైతే, అదే భావం గల తెలుగు వాక్యం అంతకు ఎన్నో రెట్లు ముక్కలయ్యేది. ముక్కలు పెరిగితే కాలమూ, ఖర్చూ పెరుగుతాయి. క్రొత్త యంత్రాలలో ఈ భేదం తగ్గుతూ వస్తున్నది.

వ్రాత రానివారి సంగతి ఏమిటన్న ప్రశ్న సహజంగా కలుగుతుంది. చిత్తూరు జిల్లాలో 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు, 1994లో ట్యూరింగ్ బహుమతి పొందిన తొలి ఆసియావాసి, మనిషి మాటను యంత్రం గ్రహించే విద్యకు అమెరికాలో పునాదులు వేసినవారిలో ఒకరు. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి పథకం ఉద్దేశం కూడ పౌరుడు తన భాషలో మాట్లాడి పని జరిపించుకొనుటే. ఇది సఫలమైతే మా అమ్మమ్మ వంటివారు ఎవరినీ బతిమాలకుండా తమ పింఛను సంగతి తామే తెలుసుకోగలరు. అయితే ఆ యంత్రం వినవలసిన భాష ఏది? పాతబస్తీలో, కర్నూలులో, కడపలో మేము ఇండ్లలో మాట్లాడే మాటలో సగం దక్కనీ, పావు తెలుగు, మిగిలినది ఏదో మాకే తెలియదు. దానికి పుస్తకాలు తక్కువ, పట్టికలో అక్షరాల కొరత మాత్రం లేదు.

పాత పుస్తకాలను ఫొటోలు తీసి కంప్యూటరులో పెట్టే పని దేశంలో చాలా జరిగినది. మంచిదే. కాని పుట ఫొటో వేరు, పుటలోని అక్షరాలు వేరు. ఫొటోలో ఉన్నది యంత్రానికి ఇంకను బొమ్మయే. సీసపు తెలుగు అచ్చును చూసి అక్షరాలుగా మార్చే సాధనాలు ఇప్పుడు ఒక మోస్తరుగా పనిచేస్తున్నవి. కాతిబు వ్రాసిన లితో పుట దగ్గర మాత్రం అవి ఎక్కువగా తడబడుతున్నవి.

అందుచేత ఈ సంవత్సరం మా కళాశాలలో చిన్న పని ఒకటి చేపట్టినాము. ఈ సంచిక రెండు విభాగాలనూ యూనికోడ్‌లోనే టైపు చేయించినాము. ముద్రణాలయంవారు మొదట విసుగుకున్నారు, తరువాత ఒప్పుకున్నారు. అంతటితో ఆగక, గ్రంథాలయంలోని పాత సంచికలను ఒక్కొక్కటిగా టైపు చేయుటకు పదకొండుమంది విద్యార్థినీ విద్యార్థులు ముందుకు వచ్చినారు. తెలుగు విభాగాలు నాలుగు పూర్తి అయినవి. ఉర్దూ విభాగాలలో మొదటిది సగం దగ్గర ఆగినది. అందులో ఒక గజల్ పుటమీద తేమ తగిలి సిరా అలుముకొని, రెండు పాదాలు ఎవరికీ అందుట లేదు. ఆ సంచిక వెలువడిన నాడు ఇక్కడ విద్యార్థిగా ఉండి, తరువాత ఇక్కడే ఉర్దూ బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఇప్పుడు ప్రతి గురువారం జొహర్ నమాజు తరువాత గ్రంథాలయానికి వస్తున్నారు. భూతద్దం పెట్టుకొని ఆయన చదువుతారు, ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకతె టైపు చేస్తుంది. ఆ రెండు పాదాలలో ఒకటి క్రిందటి వారం దొరికినది.